పోలి అలా మాట్లాడదు

మద్దిలపాలెం, విశాఖపట్నం
మార్చి 2

కేథరిన్‌కి,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయాలి. ఇంకో నెల ఆగితే రాసినా ఉపయోగం ఉండదు. నిన్న ఆదివారం పేపర్లో మన చిన్నప్పటి బొమ్మల కథ 'సరంగు పోలి' టీవీ సీరియల్‌గా వస్తోందనీ, జూన్‌లో షూటింగ్ మొదలవుతుందనీ వేశారు. పోలి వేషం వేసే అమ్మాయి ఫొటో కూడా వేశారు. నువ్వు పనిచేసేది ఆ కంపెనీలోనే, అందులోనూ నటీనటుల్ని ఎంపిక చేసే విభాగంలో. నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి?

ఫోన్ చేయొచ్చు. కానీ ఫోన్లో నువ్వు నన్ను నవ్వించి మాట మార్చేస్తావు. ఎనిమిదో తరగతి నుంచీ అంతే. కాగితం మీద అయితే చివరిదాకా చదువుతావు.

ఆ అమ్మాయి పేరు నాగశ్రీ అట. ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆమె పోలి కాదు. పోలి నల్లటి పిల్ల. ముందుపన్ను సగం విరిగి ఉంటుంది. జుట్టుకి తాడుముక్క కట్టుకుంటుంది. ఫొటోలో ఈ అమ్మాయి పాలమీగడలా ఉంది. పళ్లన్నీ ఒకే ఎత్తు. తండ్రి మంచాన పడితే పద్నాలుగేళ్లకే చుక్కాని పట్టి సరంగైన పిల్ల ఇలా ఉంటుందా?

నీకు గుర్తుందా, ఉక్కునగరంలో అమ్మ చేపలిచ్చే ఇంటి రోజారమణి గారు పోలి కథ వచ్చే పిల్లల మాసపత్రిక పాత సంచికలు దాచి ఇచ్చేవారు. అమ్మ వాటిని తడి తగలకుండా చీర కుచ్చిళ్లలో దోపుకుని బస్సెక్కేది. అయినా ప్రతి పేజీకీ చేపల వాసనే. మీ అమ్మ జయమణి ఆంటీ మా ఊరికి నర్సుగా వచ్చిన కొత్తలో నువ్వు ముక్కు మూసుకుని ఒక్క చేత్తో పేజీలు తిప్పేదానివి. నెల తిరిగేసరికి నీకూ ఆ వాసన లేకపోతే కథ ఎక్కేది కాదు.

మా ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఆదివారం మధ్యాహ్నం, చేపలు ఆరబెట్టేచోట తాటాకు పందిరి కింద నేను చదవాలి. అమ్మా, వీధిలో ఆడవాళ్లూ ఉప్పు చేతులతో చేపలు చీలుస్తూ వినాలి. నువ్వు నా భుజం మీదుగా బొమ్మలు చూడాలి. పన్నెండో భాగం రోజు పందిరి కింద చోటు చాల్లేదు. నడిసముద్రంలో తుఫాను. పడవలో ఉన్న ముసలివాళ్లిద్దరూ ఏడుస్తున్నారు. చుక్కాని పట్టుకున్న పోలి వెనక్కైనా తిరక్కుండా అంటుంది: "ఏటి బయం? సముద్రం పెద్దదే గానీ, మాయమ్మ కేక ఇంకా పెద్దది."

ఇంటర్ పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం తిప్పేముందు నేను ఆ మాటే అనుకున్నాను. కాలేజీ లైబ్రరీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, తలుపు బయట నిలబడి అదే అనుకున్నాను. ఆ మాట ఆ ఫొటోలో అమ్మాయి నోట ఎలా వస్తుందో ఊహించు.

ఎవరు ఎంపిక చేశారో కనుక్కో. ఇంకా మార్చే వీలుందేమో చూడు.

నీ
గౌరీశ్వరి


హైదరాబాద్
మార్చి 11

గౌరీ,

ఉత్తరం అందింది. ఆఫీసులో అందరూ కోర్టు నోటీసు అనుకున్నారు. ఇక్కడ ఎవరికీ చేత్తో రాసిన కవరు వచ్చి ఏళ్లయింది. విప్పేదాకా వదల్లేదు.

నువ్వు చెప్పినవన్నీ నాకూ గుర్తున్నాయి. చేపల వాసనతో సహా. కానీ అమ్మా తల్లీ, పోలి నిజం మనిషి కాదే. గీతల్లో ఉన్నదాన్ని మనిషిగా నిలబెట్టాలంటే ఏదో ఒకటి అటూ ఇటూ అవుతుంది. పన్నుదేముంది, విరిగినట్టు కనిపించేలా చేస్తారు. అదో పది నిమిషాల పని.

ఎవరు ఎంపిక చేశారని అడిగావు. ఇక్కడ చాలామంది ఉంటారు. ఒకరని చెప్పలేం. ఆ అమ్మాయి బాగానే చేస్తుందని విన్నాను.

ఒక్క మాట. నువ్వు ఏదైనా మొదలుపెడితే మధ్యలో ఆపవు, నాకు తెలుసు. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉంచు. మీ అమ్మని, మా పిన్నిని, అడిగానని చెప్పు. ఎండు నెత్తళ్లు పంపుతానని పోయిన ఏడాది అంది. ఇంకా ఎదురుచూస్తున్నాను.

కేథరిన్


మద్దిలపాలెం
మార్చి 27

కేథరిన్‌కి,

నీ ఉత్తరంలో నువ్వు లేవు. "బాగానే చేస్తుందని విన్నాను" అని రాశావు. నువ్వు ఏదైనా చూస్తే చూశానంటావు, వింటే ఎవరు చెప్పారో చెబుతావు. ఏదో దాస్తున్నావు. సరే, ఉద్యోగం అలాంటిది కాబోలు.

నీ ఉత్తరం అందకముందే ఒక ఆదివారం యారాడ వెళ్లి అమ్మకి ఆ ఫొటో చూపించాను. కాగితాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూసింది.

"ఎవులే ఈ పిల్ల?"

"పోలి వేషం వేస్తుందట."

"ఏ పోలి? మన పోలే?"

"మన పోలే."

"ఈ పిల్లకి ఎండంటే తెలుసేటి? తెప్పెక్కితే కక్కుకుంటాది."

పక్కన వల బాగుచేసుకుంటున్న త్రినాథరావు మామయ్య తలెత్తకుండా అక్కతో, "తెప్పకి ఏసీ బిగించమంటాది సూడప్పా" అన్నాడు. అమ్మ నవ్వలేదు. ఫొటో నాకు తిరిగి ఇచ్చేసి, "పోలి మాట ఈ పిల్ల సెప్తే జనం నమ్ముతారేటే?" అంది. అది విన్నాక నేను ఊరుకోలేకపోయాను.

నువ్వు మనిద్దరి మధ్యే ఉంచమన్నావు. అప్పటికే ఆలస్యమైంది. పోలి పాఠకులం ఫోన్లో ఒక గ్రూపుగా ఉన్నాం. నలభై ముగ్గురం. ఆ కథ పుస్తకంగా రాలేదు కదా, ఎవరి దగ్గరా అన్ని భాగాలూ లేవు. సాయిశంకర్ అనే ఆయన దగ్గర తొమ్మిది సంచికలు ఉన్నాయి, ఆయనే అందరికంటే గొప్ప. అందరం కలిసి మీ డైరెక్టరు గారికి ఉత్తరం రాశాం. రాసింది నేను. పోలి తీరప్రాంతం పిల్లలా కనిపించాలి, తీరప్రాంతం పిల్లలా మాట్లాడాలి, అని రాశాను. పన్నెండో భాగంలోని మాటను ఉన్నదున్నట్టు రాసి, "ఈ ఒక్క వాక్యం ఆ అమ్మాయి చేత చెప్పించి చూడండి. చెప్పలేకపోతే ఆమె పోలి కాదు" అని ముగించాను. లైబ్రరీలో పనిచేసేదాన్ని కాబట్టి మాట తప్పుండదని అందరూ నమ్మి సంతకం చేశారు.

నకలు జతచేస్తున్నాను. నెత్తళ్లు అమ్మ ఆరబెడుతోంది.

గౌరీశ్వరి


హైదరాబాద్
ఏప్రిల్ 14

గౌరీశ్వరికి,

కోపం తగ్గాక రాద్దామని రెండు వారాలు ఆగాను. తగ్గలేదు. అయినా రాస్తున్నాను.

నీ ఉత్తరం డైరెక్టరు గారు మీటింగులో పైకి చదివారు. ఆ వాక్యం విని అందరూ బాగుందన్నారు. స్క్రిప్టులో ఎందుకు లేదని అడిగారు. ఇరవై నాలుగు భాగాల అసలు బొమ్మలూ మా దగ్గర ఉన్నాయి, కథ రాసి బొమ్మలు వేసిన శ్రీరామ్మూర్తి గారు స్వయంగా ఇచ్చారు. పన్నెండో భాగం తెప్పించి చూశారు. ఆ వాక్యం లేదు.

లేదు గౌరీ. తుఫాను ఉంది. ముసలివాళ్లు ఉన్నారు. పోలి చుక్కాని పట్టుకుని ఉంది. పోలి నోటి పక్కన ఉన్నది ఇది: "భయపడకండి. తీరం సమీపంలోనే ఉంది." నకలు పంపుతున్నాను, నీ కళ్లతో చూడు.

మిగతావి కూడా తిరగేశాను. పోలి ఎక్కడా మనలా మాట్లాడదు. అంతా పాఠ్యపుస్తకమే. ఒళ్లు నల్లగా కూడా లేదు. ఏ బొమ్మలోనూ రంగు వేయలేదు, వట్టి గీతలు, కాగితం రంగే. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నువ్వు చదివేముందు పోలి ముఖం మీద పెన్సిల్ పడుకోబెట్టి రుద్దేదానివి. "ఎండలో ఉంది కదే" అనేదానివి.

మాటలు ఎలా మారాయో కూడా గుర్తొచ్చింది. మొదటి భాగం చదువుతూ "నేను వెళ్ళుచున్నాను" అన్నావు. పిన్ని కత్తిపీట ఆపేసి, "పోలి అలా మాటాడదు. మా ఈది పిల్లే అది. మళ్లీ సదువు" అంది. నువ్వు మళ్లీ చదివావు. ఆ రోజు నుంచి పేజీలో ఒకటి ఉంటే నీ నోట్లోంచి ఒకటి వచ్చేది. నేను బొమ్మలే చూసేదాన్ని, అక్షరాలు చూడలేదు. నువ్వు చదివిందే పుస్తకం అనుకున్నాను. నువ్వూ అదే నమ్మేశావు.

ఇప్పుడు నేను దాచినది చెబుతాను. నాగశ్రీని ఎంపిక చేసింది నేను. రెండు వందల పదిమందిని చూశాం. అందరూ డైలాగు ఏడుస్తూ చెప్పాలా, అరుస్తూ చెప్పాలా అని అడిగారు. ఈ అమ్మాయి ఒక్కతే "చుక్కాని పట్టేవాళ్లకి ఏ చేతికి కాయలు కాస్తాయండీ?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి నేను పట్టుబట్టి తీసుకున్నాను. తండ్రి దర్జీ. రంగులో నాకంటే ఒక చాయ తక్కువే. పేపరుకి ఇచ్చిన ఫొటోని పబ్లిసిటీ వాళ్లు తెల్లగా చేశారు. నువ్వు చూసింది ఆ అమ్మాయిని కాదు, పబ్లిసిటీని.

మార్చిలోనే చెప్పాల్సింది. నువ్వు నా ఎంపిక తప్పంటావని భయపడి చెప్పలేదు. నా తప్పు అంతవరకు.

నీ ఉత్తరం చేసిన పని ఇది. పాఠకులకి ఈ అమ్మాయి నచ్చలేదు కదా, అయితే పేరున్న ముఖాన్నే తీసుకుందాం అంటున్నారు నిర్మాతలు. వాళ్లు అనుకుంటున్న నటి పడవ ఎక్కనని ముందే ఒప్పందంలో రాయించుకుంటుంది. మే 31న నాగశ్రీకి ఇంకొక్క పరీక్ష పెడతారు. అందులో నెగ్గకపోతే ఆమెను తీసేస్తారు.

కేథరిన్


మద్దిలపాలెం
ఏప్రిల్ 20

కేథరిన్‌కి,

చూశాను. లైబ్రరీలో భూతద్దం పెట్టి కూడా చూశాను. "తీరం సమీపంలోనే ఉంది."

ఆ మాట ఎక్కడిదో తెలిసింది. ఒకసారి పొద్దుగూకినా ఒడ్డున ఆడుతూ ఉండిపోయాను. అమ్మ పిలిస్తే పలకలేదు. ఇంటికొచ్చాక, సముద్రం హోరులో వినపడలేదని అబద్ధం చెప్పాను. "సముద్రం పెద్దదైతే నాకేటి, నా కేక ఇంకా పెద్దది" అని రెండు తగిలించింది. మరుసటి ఆదివారం అది పోలి నోట పెట్టేశాను. ఆడవాళ్లంతా నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. చేతులు కడుక్కుని వచ్చి, ఎక్కడ రాసుందో చూపించమంది. ఆవిడకి చదవడం రాదు. నేను వేలు పెట్టి చూపించాను.

అప్పటినుంచీ ఆవిడ ఉక్కునగరంలో, చేపల రేవులో, బస్సులో అందరికీ చెప్పుకుంది. తనకి అక్షరం రాకపోయినా తన మాట అచ్చులో ఉందని. ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటోంది.

నీకు క్షమాపణ చెప్పుకోవాలి, ఆ అమ్మాయికి ఇంకా ఎక్కువ చెప్పుకోవాలి. ఎలాగో తెలియడం లేదు. ప్రస్తుతానికి ఒక్కటే అడుగుతున్నాను. అమ్మకి ఈ సంగతి తెలియనివ్వకు.

గౌరీశ్వరి


హైదరాబాద్
ఏప్రిల్ 29

గౌరీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, ఒకసారి మా అమ్మకి ఫోన్లో వినిపించాను. అన్నేళ్లు నర్సుగా చేసిన మనిషి, ఏడ్చింది. అయినా నీ మీద కోపం పూర్తిగా పోలేదు, చెబుతున్నాను.

పద్మనాభం ఊరు వెళ్లి శ్రీరామ్మూర్తి గారిని కలిసి అదే రోజు తిరిగొచ్చాను. వరి చేల పక్కనే ఇల్లు. నీ వాక్యం చూపించాను. దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నారు. తర్వాత అన్నారు: "నేను పొలాల్లో పెరిగినవాణ్ణమ్మా. ఒడ్డున నిలబడి పడవలు చూసి బొమ్మలు వేశాను గానీ, ఒక్కనాడూ పడవెక్కలేదు. ఆ పిల్ల ఎలా మాట్లాడుతుందో నాకు తెలీదు. తెలీక పుస్తకంలా మాట్లాడించాను." ఆ వాక్యం వాడుకోవడానికి తనకేమీ అభ్యంతరం లేదట. కానీ తనదని వేస్తే ఒప్పుకోనన్నారు. ఎవరిదో వాళ్లనే అడగమన్నారు.

నాగశ్రీకి కూడా ఆ వాక్యం ఇచ్చాను. వారం నుంచి అదే పట్టుకుంది. ఫోన్ చేసి నాకు వినిపిస్తుంది. "ఏటి భయం" అని ఒత్తు పెట్టి మరీ అంటుంది. వినలేకపోతున్నాను. నేను చెబితే రావడం లేదు. పదమూడేళ్లుగా ఇక్కడుండి నా నోరు కూడా పోయింది.

పిన్నికి నేను చెప్పను. కానీ నువ్వు చెప్పాలి. ఆ మాట ఎవరిదో ఆవిడనే అడగమన్నారు కదా ఆయన.

కేథరిన్


యారాడ
మే 6

కేథరిన్‌కి,

ఇది పందిరి కిందే కూర్చుని రాస్తున్నాను. కాగితానికి వాసన తగిలితే ఏమీ అనుకోకు.

ముందు ఉత్తరం సంగతి. నలభై ముగ్గురికీ జరిగింది చెప్పాను. ఆ వాక్యం అచ్చులో లేదనీ, పొరపాటు నాదేననీ, ఫొటో చూసి మనిషిని కాదన్నామనీ రాశాను. ఇద్దరు నన్ను తిట్టి గ్రూపులోంచి వెళ్లిపోయారు. సాయిశంకర్ మాత్రం "మాకు మీ పోలినే చదివి వినిపించండి, పేజీలో ఏముంటే మాకేం" అన్నాడు. మిగిలినవాళ్లం మా అభ్యంతరం వెనక్కి తీసుకుంటూ డైరెక్టరు గారికి రాశాం. నకలు జతచేశాను. ఈసారి ప్రతి మాటా సరిచూసుకున్నాను.

ఇంక అమ్మ సంగతి. పోయిన ఆదివారం చెబుదామనుకుని చెప్పలేకపోయాను. ఈసారి నువ్వు పంపిన నకలు తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఇది తుఫాను బొమ్మ గదే" అంది.

"అవునమ్మా. ఇక్కడ నీ మాట ఉందని చూపించాను కదా. లేదు. వేరే ఏదో ఉంది. నీ మాట నేనే కలిపి చదివాను."

"పుత్తకంలో లేదేటి?"

"లేదు."

కత్తిపీట మీద చేయి ఆగిపోయింది. మామయ్య వల పక్కన పెట్టాడు.

"మరి నాను ఊరంతా సెప్పీసినాను గదే. రోజారమణమ్మకి కూడా సెప్పినాను. ఆవిడ సదువుకున్నావిడ. పుత్తకం ఆవిడిదే. లేదని ఆవిడికి తెలుసన్నమాట."

ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు కేథరిన్. రోజారమణి గారు ఇన్నేళ్లూ ఊకొట్టారే గాని, ఒక్కరోజూ కాదనలేదు.

"తప్పు నాది" అన్నాను.

"నీదే." అంత మాటనేసి ఒక చేప చీల్చింది. ఇంకొకటి చీల్చింది. మూడోది చేతిలో పట్టుకుని, "ఆ టీవీ బొమ్మ ఇంకా తియ్యలేదన్నావు గదా?" అంది.

"తియ్యలేదు."

"అయితే ఇప్పుడు రాసీమను."

మామయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. అమ్మ పట్టించుకోలేదు. "ఆ పిల్లని ఇక్కడికి రమ్మను. కేకెలా ఎయ్యాలో నాను సెప్తాను. కేక రాకుండా మాటొక్కటీ నేర్సుకుంటే ఏటి లాబం?"

"తెప్పెక్కితే కక్కుకుంటుందన్నావు."

"కక్కుకుంటే కక్కుకుంటాది. నువ్వు కక్కుకోలేదేటి? మూడు రోజులు మామయ్య తెప్ప కడుక్కున్నాడు."

ఇదీ మా పిలుపు. ఇంజన్ పడవలకి చేపల వేట నిషేధం జూన్ పద్నాలుగు దాకా ఉంది. మామయ్య ఇంజన్ పడవ ఒడ్డునే ఉంటుంది, ఆయనా ఖాళీగానే ఉంటాడు. నిలబడిన పడవలో చుక్కాని పట్టడం చూపిస్తానన్నాడు, తెప్ప మీద ఒడ్డు దగ్గర అల కూడా చూపిస్తానన్నాడు. నాగశ్రీ అడిగిన ప్రశ్నకి ఆయన జవాబు ఇది: కుడిచేతి వాటం వాళ్లకైనా కాయలు ముందు ఎడంచేతికే కాస్తాయట, ఎందుకంటే కుడిచేయి ఎప్పుడూ తాడు కోసం ఖాళీగా ఉంచుకోవాలి. ఇది ఆ అమ్మాయికి చెప్పు. పదిరోజులు మా ఇంట్లో ఉంటే చాలు. నేను సెలవు పెడతాను. "భయం"లో ఒత్తు నేను తీస్తాను, కేక అమ్మ తీస్తుంది.

నువ్వూ రావాలి. నీ నోరు పోయిందని రాశావు. అది అమ్మకి చదివి వినిపించాను. "ఎక్కడికీ పోదు, ఇక్కడే పడేసి ఎల్లిపోయుంటాది, వచ్చి ఎతుక్కోమను" అంది.

మే 31 పరీక్షకి ముందు పదిరోజులు మిగలాలంటే మీరు ఇరవయ్యో తేదీకైనా ఇక్కడుండాలి. కాబట్టి మే పదిహేనులోగా జవాబు రాయి. ఫోన్ వద్దు, ఉత్తరమే రాయి. అమ్మ రోజూ పోస్టు కోసం అడుగుతుంది. ఈసారి వచ్చేదాన్ని ఒక్క మాట కూడా మార్చకుండా చదువుతానని ఆవిడకి మాటిచ్చాను. అందుకని చూసి రాయి.

నీ
గౌరీశ్వరి